పచ్చి పనస వీణ

“ఈ పనస పచ్చిదండి. రెండేళ్లు ఎండాలి,” అన్నాడు వీణలు చేసే వీరాచారి. “ఎండిన కర్రంతా మొన్న గోదారి వరదకి కొట్టుకుపోయిందండి.”

“టేకుతో చెయ్యవయ్యా,” అన్నాడు బుల్లిరాజు.

“నాదం పలకదండి.”

“అయితే పచ్చిదాంతోనే చెయ్యి.”

“ఏడాది తిరక్కుండా పగిలిపోద్దండి!”

“పగిలితే పగలనీ. వచ్చే నెలకి మా అమ్మాయికి కావాలి.”

అరుగు మీద దగ్గుతున్న బుల్లిరాజు కూతురు రత్నమాణిక్యం కేసి చూసి, ఆచారి దుంగను కొలవడం మొదలుపెట్టాడు.

ఆమెది క్షయ అనీ, ఏడాది గడవడం కష్టమనీ రాజమండ్రి దొర డాక్టరు చెప్పిన సంగతి బుల్లిరాజు ఇంట్లో ఎవరికీ తెలియనివ్వలేదు.

రత్నమాణిక్యం వచ్చి పనస దుంగను నిమిరింది.

“ఎండనివ్వండి నాన్నగారూ. చెల్లి వాయించుకుంటుంది.”

బుల్లిరాజు చప్పున ఆమె వైపు తిరిగాడు. “నీకెవరు చెప్పారమ్మా?”

“మీరేనండి. ఇప్పుడే.”