తాడు బిగిస్తే

పటాసు ఆమెను మళ్లీ ఈడ్చుకుపోయింది. గోడౌను గుమ్మం దగ్గర్నుంచి మూలనున్న నీళ్ల డ్రమ్ము దాకా. చెప్పు ఒకటి దారిలోనే ఉండిపోయింది.

"ఎవరు ఎవర్ని నడిపిస్తున్నారమ్మా?" అంది టీచరమ్మ, కుర్చీలోంచి లేవకుండానే.

క్లాసంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. వారం మొత్తం మీద ఆమె మనసారా నవ్వేది ఇక్కడే.

టీచరమ్మ పోలీసు కుక్కలకు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఇప్పుడు ఖాళీ గోడౌను ఒకటి అద్దెకు తీసుకుని, శుక్రవారం శుక్రవారం ఇంటి కుక్కలకు మర్యాదగా నడవడం నేర్పుతోంది. కుక్కలకు అన్నది పేరుకే. ఆవిడ చీవాట్లన్నీ మనుషులకే.

"వినండి. తాడు బిగిసిందా, ఆగిపోవాలి. తిట్టొద్దు, కొట్టొద్దు, వెనక్కి గుంజొద్దు. అసలు నోరే విప్పొద్దు. దాని మొహం కూడా చూడొద్దు. బెల్లం కొట్టిన రాయిలా నిలబడండి. దానికే దిక్కుతోచక మీ పక్కకొస్తుంది. తాడు వదులైందా, అప్పుడు బిస్కెట్టు పెట్టి, ముద్దు చేసి, ముందుకు నడవండి."

"ఎన్నాళ్లు టీచర్?"

"లాగడం అనేది ఒకటుందని అది మర్చిపోయేదాకా."

పటాసు అసలు అక్క కుక్క. అక్క కొత్తగా మారిన ఫ్లాటులో కుక్కల్ని ఉండనివ్వరట. రెండు నెలల కిందట దాన్నీ, దాని గిన్నెనూ తెచ్చి ఇక్కడ దించి పోయింది. ఆమె భర్త కాదనలేదు. ఆయన దేన్నీ కాదనడు. క్లాసు సంగతి చెప్పినప్పుడు మాత్రం "దానికి క్లాసెందుకు, నేను నేర్పుతాగా" అన్నాడు. మీద ఈగ వాలినా తోలుకోని మనిషి, కుక్కకేం నేర్పుతాడని ఆమె నవ్వేసింది. పశువుల డాక్టరు రాసిచ్చిన అడ్రసు పట్టుకుని తనే వచ్చేసింది.

ఆయన మంచివాడు. ఊరంతా అదే మాట. గొంతు పెంచడు, చెయ్యెత్తడు. "ఎంత పుణ్యం చేసుకుంటే దొరికాడే నీకు" అని అమ్మ ఇప్పటికీ మురిసిపోతుంది. అమ్మకు ఏమని చెప్పుకోవాలి? కొట్టాడనా, తిట్టాడనా? చెప్పుకోవడానికి ఆయన అన్న మాట ఒక్కటైనా ఉండాలిగా.

పెళ్లికి ముందు ఆమె పుస్తకాలు బైండింగ్ చేసేది. విడిపోయిన పుస్తకాన్ని కుట్టి, జిగురు పెట్టి, అట్ట వేసి ఇస్తే కొత్త పెళ్లికూతురిలా ఉండేది. ఆ చేతిపని తెలిసిన ప్రెస్సు వాళ్లు, పక్క ఊళ్లో బైండింగ్ సెక్షన్ మొత్తం చూసుకోమని పిలిచారు. బస్సులో నలభై నిమిషాలు. వచ్చే శుక్రవారం సాయంత్రం ఐదింటిలోపు ఔనో కాదో చెప్పమన్నారు.

ఆ సంగతి చెప్పినప్పుడు ఆయన వద్దనలేదు. తింటున్న చెయ్యి ఆగింది. అంతే. ఆ పూటా మాట లేదు, మర్నాడూ లేదు. ఆమె పలకరిస్తే కిటికీలోంచి బయటికి చూసేవాడు. రెండు గదుల ఇల్లు రోజుకింత ఇరుకైపోయింది. ఆరో రోజు ఇక ఉండబట్టలేక "సరేలే, వెళ్లనులే" అనేసింది.

ఆయన మొహం విప్పారింది. ఆమె తల నిమిరాడు. అప్పటికప్పుడు బజారుకెళ్లి ఆమెకిష్టమైన బాదం ఐస్‌క్రీం తెచ్చాడు. ఆ నవ్వు చూసి ప్రాణం లేచొచ్చినందుకు ఆమెకే సిగ్గేసింది.

కారు నడపడం నేర్చుకుంటానన్నప్పుడూ ఇంతే. అక్కతో నాలుగు రోజులు ఎటైనా వెళ్లొస్తానన్నప్పుడూ ఇంతే. ఈ మధ్య అసలు అడగడమే మానేసింది.

చివరి క్లాసు ఆ శుక్రవారమే. పటాసు గోడౌను ఈ చివర నుంచి ఆ చివరకు ఆమె మోకాలి పక్కనే నడిచింది. గుమ్మంలోంచి పిల్లి ఒకటి తాపీగా పోయినా తల తిప్పలేదు.

"శభాష్!" అంది టీచరమ్మ. అందరూ చప్పట్లు కొట్టారు. గర్వపడాల్సింది పోయి ఆమెకు ఏడుపొచ్చింది.

నాలుగూ ముప్పావు. బయట బెంచీ మీద కూర్చుని ఫోన్ తీసింది. ప్రెస్సు వాళ్లకు "క్షమించండి, రాలేను" అని టైపు చేసింది. పంపబోతుంటే ఫోన్ మోగింది. తెరనిండా ఆయన ఫొటో.

సర్టిఫికెట్ ఇవ్వడానికొచ్చిన టీచరమ్మ కళ్లజోడు సర్దుకుని వంగి చూసింది.

"అరె, ఈ అబ్బాయి నీకేమవుతాడు?"

"మా ఆయన టీచర్."

"మరి చెప్పవేం! నా మొదటి బ్యాచ్ కుర్రాడు. తొమ్మిదేళ్లయింది. అందరూ కుక్కల్ని తెస్తే ఇతనొక్కడూ నోటు పుస్తకం తెచ్చేవాడు. దాన్నీ తీసుకురావయ్యా అంటే, 'ఇంటికొచ్చి నెలే అయింది టీచర్, ఊరికే లాగుతుంది, ముందు నన్ను నేర్చుకోనివ్వండి' అనేవాడు. ఆడదా మగదా అంటే ఆడదేనన్నాడు. ఆరు వారాల్లో ఒక్క క్లాసు మానితే ఒట్టు!"

ఫోన్ మోగుతూనే ఉంది. ఆమె ఎత్తలేదు.

"ఇంతకీ అదెలా ఉందమ్మా? లాగడం మానేసిందా?" అంది టీచరమ్మ ఆప్యాయంగా.

పటాసు కంటే ముందు ఆ ఇంట్లో ఏ కుక్కా అడుగు పెట్టలేదు. తొమ్మిదేళ్ల కిందట కొత్తగా అడుగు పెట్టింది ఆమె ఒక్కతే.