తిరిగి రావడానికి కారణం

"వీసా నిరాకరించడమైనది," అన్నాడు సూపరింటెండెంటు, భోజనాల బల్ల మీద చెంచాతో ముద్ర గుద్దినట్టు గుద్దుతూ. "తర్వాతి వాళ్ళు రావచ్చు."

తర్వాతి వాళ్ళెవరూ లేరు. బల్లకు ఇవతల ఆయన భార్య, లెక్కల టీచరమ్మ, ఒక్కతే కూర్చుని ఉంది.

"ఇప్పుడేం తప్పొచ్చిందండీ?"

"మళ్ళీ అడుగుతున్నా. అరవై దాటాక మా దేశానికి పాఠాలు చెప్పడానికి వస్తానంటున్నారు. రెండేళ్ళయ్యాక తిరిగి వెళ్ళిపోతారని నమ్మకమేమిటి?"

"మా ఆయన ఇక్కడున్నారు. ఆయన కోసం వచ్చేస్తాను."

"చూశావా! కరెంటు మీటరు ఇక్కడుంది అన్నట్టు చెప్తున్నావు. అందులో తడి ఏదోయ్?"

ఆ తడి కోసం టీచరమ్మ వారం రోజులుగా తనలో వెతుక్కుంటూనే ఉంది. లెక్కల్లో అయితే లేనిదాన్ని ఉందనుకుందాం అని మొదలుపెట్టి, జవాబు దాకా లాక్కుపోవచ్చు. ఇక్కడ ఆ సౌకర్యం లేదు.

సూపరింటెండెంటు రిటైరయిన రోజున ఆఫీసు కూడా ఆయన వెంట ఇంటికి వచ్చేసింది. పాలు ఎంత మంట మీద కాగాలో, తడిగుడ్డ ఏ తీగ మీద ఆరాలో, ఆమె ఇప్పుడెందుకు నిట్టూర్చిందో, అన్నిటికీ ఆయన మంజూరు కావాలి. దూరదేశపు బడివాళ్ళు పర్మిట్ పంపి, ఉండడానికి గది ఇస్తామన్నప్పుడు ఆమె ఊహించుకున్నది బడిని కాదు. ఆ గదిలో ఒక కుర్చీని. ఒకే ఒక్క కుర్చీని. దాన్ని ఎటు తిప్పి వేసుకున్నా ఎందుకని అడిగేవాడుండడు.

వింతేమిటంటే ఆయన అడ్డు చెప్పలేదు. "వెళ్ళిరావోయ్. నాకెందుకా చలిదేశం?" అన్నాడు. పైగా వీసా నియమాలన్నీ తానే కూర్చుని, ఎర్ర పెన్సిల్‌తో గీతలు గీస్తూ చదివాడు. ఆమెకు ఎంత తెలియాలో అంత చెప్పాడు. ఆ దేశానికి ఫొటో కొలతలు కూడా వేరేనట. ఆమె ఫొటోలు తెస్తానని స్టూడియోకి వెళ్ళినవాడు, జుట్టుకు రంగేయించుకుని, మీసం కత్తిరించుకుని మరీ వచ్చాడు.

"ఇదెందుకండీ?"

"ఆఫీసర్ వేషం కదా! నీకు నమ్మకం కుదరొద్దూ?"

ఇప్పుడు ఆ ఆఫీసరే కత్తిరించిన మీసం దువ్వుకుంటూ ఆలోచించాడు. "ఒక మాట చేర్చు. 'ఆయన లేకుండా ఒక్క రోజు కూడా ఉండలేను' అను."

"ఒక్క రోజు ఉండలేనిదానివి రెండేళ్ళు ఎలా ఉంటావని అడిగితే?"

"లెక్కల టీచర్‌వి అనిపించుకున్నావు. ఆఫీసర్లు లెక్కలు వెయ్యరోయ్, మొహం చూస్తారు. అను."

అంది. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు.

"మళ్ళీ."

మళ్ళీ అంది. రిహార్సల్‌కి ఇంత పరవశం అవసరమా అని ఆమెకో అనుమానం వచ్చింది. గిన్నెలు తోమడం గుర్తొచ్చి, ఆ అనుమానం కాస్తా పోయింది.

వీసా ఆఫీసులో గాజు కిటికీ అవతల కూర్చున్న ఆఫీసరు ఆమె కూతురి వయసు పిల్ల. సూపరింటెండెంటు వెనక బెంచీ మీద, బుద్ధిమంతుడిలా చేతులు కట్టుకుని కూర్చున్నాడు. కాగితాలన్నీ సరిపోయాయి. చివరికి ఆ ప్రశ్న రానే వచ్చింది.

"మీరు మళ్ళీ ఇక్కడికి తిరిగి రావడానికి కారణమేమిటండీ?"

టీచరమ్మ ఆ కుర్చీని తలుచుకుంది. అది చేజారిపోతుందేమోనన్న భయానికి కళ్ళు నిండాయి.

"మా ఆయనమ్మా... ఆయన లేకుండా ఒక్క రోజు కూడా ఉండలేను."

వారమంతా దొరకని తడి, గాజు మీద ఆవిరై కనిపించింది.

ఆఫీసరు కలం కింద పెట్టింది. "నా భయమూ అదేనండీ."

"ఏంటమ్మా?"

"మీ వయసులో మా దేశం వచ్చి, పారిపోయి దాక్కున్నవాళ్ళు ఇంతవరకూ లేరు. ఇంటి మీద బెంగపెట్టుకుని, పరీక్షల ముందు పిల్లల్ని గాలికొదిలేసి వచ్చేసేవాళ్ళే అందరూ. బళ్ళవాళ్ళు నన్ను తిడుతున్నారు. ఇప్పుడు మీరే చెప్పండి, ఆయన లేకుండా ఉండగలరా? ఉండగలనంటే ఇందాక చెప్పింది అబద్ధం. అబద్ధమాడినవాళ్ళకి వీసా ఇవ్వను. ఉండలేనంటే ఒంటరిగా పంపను."

ఇన్నేళ్ళలో టీచరమ్మకు ఇలాంటి లెక్క తగల్లేదు. ఎటునుంచి చేసుకొచ్చినా జవాబు బెంచీ మీద కూర్చుని ఉంది.

"ఉండ... లేనమ్మా," అంది.

"అయ్యో, దానికి ఏడుస్తారెందుకండీ! టీచర్లు భర్తని వెంట తీసుకెళ్ళొచ్చని మా నియమాల్లోనే ఉంది. మీరు చూసుకోలేదు. ఇద్దరికీ ఇప్పుడే ఇచ్చేస్తా. గదిలో ఇంకో కుర్చీ కూడా వేయమని బడికి నేనే చెప్తాలెండి."

"వద్దమ్మా! అంటే... ఆయనకి చలి పడదు. పాస్‌పోర్టు కూడా తేలేదు. మీ కొలతల ఫొటో మామూలుగా ఎవరి దగ్గరా ఉండదు కదా, పాపం!"

అప్పటికే ఆమె భుజం పక్కకు వచ్చి నిలబడ్డ సూపరింటెండెంటు, గాజు కిటికీ కిందినుంచి తన పాస్‌పోర్టును లోపలికి తోశాడు. దాని మీద పెట్టిన, ఆ దేశపు కొలతలకు సరిగ్గా కత్తిరించిన ఫొటోలో, రంగేసిన జుట్టుతో, కురచ మీసంతో, నియమం ప్రకారం నవ్వకుండా ఆయనే ఉన్నాడు.