బతికున్న వాక్యం

"ఇది వాక్యమా, శవమా?"

ప్రధాన సంపాదకుడు విసిరిన కాగితం సహాయ సంపాదకురాలి ముక్కుకి తగిలి కింద పడింది. ఆ గదిలోంచి కాగితాలు మామూలుగా అలాగే బయటికొస్తాయి. కొన్నిసార్లు మనుషులు కూడా.

"బారోఫోరెసిస్. పీడనంలో తేడా వల్ల కణాలు ఎక్కువ పీడనం ఉన్న చోటు నుంచి తక్కువ ఉన్న వైపు కదలడం. అర్థం బాగానే ఏడ్చింది. ప్రయోగ వాక్యం చూడు: 'ఈ ద్రవంలో బారోఫోరెసిస్ జరిగింది.' జరిగితే నన్నేం చెయ్యమంటావ్? లేచి చప్పట్లు కొట్టనా?"

"అంత అరుదైన మాట ఎవరు వెతుకుతారు సార్?"

"ఒక్కడు వెతికినా చాలు. మన సైన్సు నిఘంటువులో ప్రతి మాటకీ ఒక ప్రయోగ వాక్యం ఉంటుంది. అది బతికుండాలి. మళ్ళీ రాయి."

"సార్, రేపు మా చెల్లిని పురిటికి ఆస్పత్రిలో చేరుస్తున్నారు. మీరు లీవు ఇచ్చారు కదా..."

"ముందు నీ వాక్యం పుట్టనీ. తర్వాత వెళ్ళు."

వాక్యం కంటే ముందు చెల్లి కొడుకు పుట్టాడు. ఫోన్లో ఫొటో వచ్చింది, కింద చెల్లి మెసేజీ: "పెద్దమ్మ రాలేదని వీడు ఏడుపు ఆపట్లేదే అక్కా."

అది చదివి సహాయ సంపాదకురాలి కడుపు మండిపోయింది. ఆ మంట మీద ఆఫీసు మొత్తానికీ టీ కాచి, మిగిలిన సెగతో పక్క ఆఫీసుకీ కాచొచ్చు. అయినా పళ్ళు బిగబట్టి, గొట్టాల గురించీ ఇసుక రేణువుల గురించీ ఏదో రాసిచ్చింది. ఆయన మూతి ముడిచి, పుస్తకం ఆలస్యమవుతోందని పేజీ మీద సంతకం పడేశాడు.

సంతకమైన పేజీ పట్టుకుని ఆమె సరాసరి, కంప్యూటర్లో పేజీలు కూర్చే డీటీపీ అక్క దగ్గరికి వెళ్ళింది.

"అక్కా, ఇందులో ఒక్క వాక్యం మార్చాలి."

"సార్ సంతకం అయిపోయిందిగా?"

"చిన్న కామా తప్పు."

"కామా కోసం కళ్ళు అంత ఎర్రబడతాయా?" అక్క కీబోర్డు మీంచి చేతులు తీసేసింది. "వద్దే తల్లీ. పుస్తకం వచ్చిన రోజే ఆయన రిటైర్మెంట్. ఆ తర్వాత ఎలాగూ సరేనండి గారే మనకి పెద్ద."

సరేనండి అంటే ఉపసంపాదకుడు. ఆఫీసుకి నిప్పంటుకుందని చెప్పినా ఆయన "సరేనండి" అంటాడు.

"వెళ్ళేవాడు ఊరికే వెళ్ళకూడదక్కా. ఆయన మనవలు, మునిమనవలు కూడా చదవాలి. నువ్వు లే, నేనే కొడతా."

కొట్టింది. పేజీ ప్రెస్సుకి వెళ్ళిపోయింది. ఆ రోజు ఆమె రెండు పూటల అన్నం ఒక్క పూటే తినేసింది.

పుస్తకం వచ్చింది. హాలు నిండా సిబ్బంది. సరేనండి గారు కొత్త చొక్కా వేసుకుని, ప్రధాన సంపాదకుడి గది వైపే కొత్తల్లుడిలా చూస్తున్నాడు.

ప్రధాన సంపాదకుడు లేచి, ఇటుకంత నిఘంటువు తీసి, తడుముకోకుండా ఒక పేజీ తెరిచాడు.

"బారోఫోరెసిస్," అన్నాడు.

ఆమె గుండె కిందికి జారి చెప్పుల్లో దూరింది.

ఆయన పైకే చదివాడు. "ప్రయోగం: 'ప్రధాన సంపాదకుల గది తలుపు తెరుచుకోగానే సిబ్బంది అంతా వరండాలోకి ఎగిరిపడటం బారోఫోరెసిస్ లాంటిదే, ఆ కుర్చీలో కూర్చునే గాడిదకి మాత్రం ఈ సంగతి చచ్చినా అర్థం కాదు.'"

అక్క చెంగు నోట్లో కుక్కుకుంది.

"అందరూ వెతికే మాటలో తప్పుంటే లోకమే చెబుతుంది," అన్నాడాయన. "ఎవరూ వెతకని మాటల్లోనే కక్షలు దాక్కుంటాయి. అందుకే మిషను తిరిగే ముందు ప్రెస్సుకి వెళ్ళి అలాంటివన్నీ మళ్ళీ చదువుతాను. ఇదీ చదివాను."

"మరి తీసెయ్యలేదా సార్?" ఆమె గొంతు దోమ గొంతులా వచ్చింది.

"ఎలా తియ్యను? నువ్వు రాసినవాటిలో బతికున్న వాక్యం ఇదొక్కటే. ఇంకో పాతికేళ్ళు మళ్ళీ అచ్చు వెయ్యరు కూడా."

ఆయన జేబులోంచి గది తాళంచెవి తీశాడు. సరేనండి గారు చెయ్యి చాపాడు. ఆయన ఆ చేతిని దాటుకుని వచ్చి, తాళంచెవి ఆమె అరచేతిలో పెట్టాడు.

"నా తర్వాత ఎవరని పైవాళ్ళు అడిగితే నీ పేరే చెప్పాను. వెళ్ళు తల్లీ, ఆ కుర్చీలో కూర్చో."