సర్కారు హుకుం

"ఈయన దుకాణం ముందు దండోరా వేసినవా?"

"వేసిన దొరా."

తహసీల్దారు కాగితం మీద గీత గీశాడు. రఘుపతి సేటు బట్టల దుకాణానికి నష్టపరిహారం ఖాయమైంది.

యోహాను కచేరీ మెట్ల కింద ఎండలో నిలబడి జవాబు చెప్తున్నాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. వెనక భార్య బిక్షమ్మ. గోడ నీడలో కూర్చున్న జవాను ఆమెను చూసి కాస్త జరిగాడు. ఆమె ఆ నీడలో కూర్చుంది.

రెండు నెలల కింద నారాయణపేట పత్తి మిల్లు అంటుకుంది. గోదాములో గ్యాసునూనె డబ్బాలు పేలాయి. బజారంతా ఖాళీ అయింది. పత్తి బేళ్లు లోలోపల కాలుతూనే ఉండటంతో తొమ్మిది రోజులు ఎవరినీ తిరిగి రానివ్వలేదు. సరుకు కొంత కాలింది, కొంత పొగకు పాడైంది. మనిషి ప్రాణం మాత్రం ఒక్కటి కూడా పోలేదు.

ఇప్పుడు మిల్లు యజమాని ఇచ్చిన పైకం పంచుతున్నారు. షరతు ఒక్కటే. సర్కారు హుకుం మీద మూసిన దుకాణాలకే పరిహారం. భయపడి తమంతట తాము మూసుకున్న వాళ్లకు దమ్మిడీ రాదు.

హుకుం సంగతి పోలీసు అమీన్ రిపోర్టులో రాసే ఉంది. మంట కనబడిన క్షణమే తాను దండోరా వేయించి బజారు ఖాళీ చేయించానని. పేష్కారు అది చదువుతుంటే, కొత్తగా వచ్చిన తహసీల్దారు శభాష్ అన్నాడు. అమీన్ మీసం సవరించుకుంటూ మెట్ల కిందికి ఒకసారి చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు.

ఊళ్లో ఏ హుకుం వచ్చినా డప్పు కొట్టి చాటే వెట్టి యోహానుదే. ఆ రోజు ఏ దుకాణం దాకా దండోరా వెళ్లిందో చెప్పవలసిందీ అతనే.

"గొంగళ్లు అమ్మే ఐలేశం?"

"వేసిన దొరా. పదిగంటల పొద్దెక్కినా మామ గురక పెడుతుండె. తలుపు గుద్ది గుద్ది లేపిన."

లోపల అందరూ నవ్వారు. ఐలేశం కూడా నవ్వాడు.

అలా పద్దెనిమిది పేర్లు అయ్యాయి. పంతొమ్మిదోది యోహానుదే. మిల్లు గోడ వార చాప పందిరి కింద చెప్పులు కుట్టే చోటు. అతను డప్పు కొడుతూ బజారు ఈ కొస నుంచి ఆ కొసకు పరుగెడుతుంటే, ఇక్కడ పందిరి అంటుకుంది. కొత్తగా కొన్న తోళ్లు, పనిముట్లు అన్నీ పోయాయి. బిక్షమ్మ ఒక్కతే, గాబరాలో నీళ్ల కుండ ఎత్తుకుని బయటపడింది. మళ్లీ తోలు కొనలేకపోతే ఇద్దరూ పటేలు ఇంట్లో జీతానికి కుదరాల్సిందే.

"పందిరికి కాగితం లేదు," అన్నాడు తహసీల్దారు. "ఇద్దరు దుకాణదార్లు సాక్ష్యం చెప్తే రాసుకుంటాను."

యోహాను ధీమాగా తలెత్తాడు. నిన్న రఘుపతి సేటే వాడ మొగదాకా వచ్చాడు. "నువ్వు మా అందరికి చెప్పు. మేం నీకు చెప్పమా?" అని మాటిచ్చి పోయాడు.

సేటు లేచి గొంతు సవరించుకున్నాడు.

"ఆడ దుకాణం యాడిది హుజూర్? ఎప్పుడన్న గోడకు కూసుంటుండెనేమో. నాకు యాదికి లేదు."

గడప బయట విడిచిన చెప్పుల్లో పదకొండు జతలు యోహాను కుట్టినవి. సేటు ఎడమ చెప్పు మడమ అరిగితే మొన్న ఉగాదికే బాగుచేసి ఇచ్చాడు.

"నేను సూసిన హుజూర్!" వెనక నుంచి సన్నని గొంతు. పేలాలమ్మే నర్సింగమ్మ, ఖాయమైన పద్దెనిమిది పేర్లలో ఆమెదీ ఒకటి. "రోజు సూస్తుంటి. పొద్దుగాల నాకంటె ముందే వస్తరు ఇద్దరు."

"ఒక్కరు చాలరమ్మా. ఇంకొకరు?"

యోహాను ఐలేశం వైపు చూశాడు. ఐలేశం లేచాడు. పైకం మొత్తం ఇంతేనని ముందే తేలింది. ఇంకో పేరు చేరితే అందరి వాటా తగ్గుతుంది. అతను చేతిలోని తువ్వాలను రెండుసార్లు మడిచాడు.

"నా గొంగళ్లు, నా బేరం... నేను బయటికి సూడ హుజూర్."

కూర్చున్నాడు.

నీడలోంచి బిక్షమ్మ లేచింది. "ఐలేశం మామా! ఇంక మంచిగ నిద్రపో. మల్ల ఎవ్వరు లేపరు."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

"అర్జీ ఖారిజ్," అన్నాడు తహసీల్దారు. పంతొమ్మిదో పేరు కొట్టేశాడు. కలం పక్కన పెట్టబోతూ ఆగి, మెట్ల కిందికి చూశాడు. "ఇంకేమైనా చెప్పుకునేది ఉందా?"

బిక్షమ్మ భర్త మోచెయ్యి పట్టుకుంది. "చెప్పు. ఉన్నదున్నట్టు ఒక్క మాట చెప్పు. వీళ్లందరి సంగతి గిప్పుడే తేలిపోతది."

అమీన్ కుర్చీలో కదిలాడు. యోహాను లోపలున్న వాళ్లను ఒక్కొక్కరినే చూసుకుంటూ పోయాడు. సేటు పైకప్పు చూస్తున్నాడు. ఐలేశం తల ఎత్తలేదు. చివర్న నర్సింగమ్మ, కొంగు మొనలు రెండు చేతులా పట్టుకుని, అతని వంకే చూస్తోంది.

"ఏం లేదు దొరా," అన్నాడు యోహాను.

ఆ రోజు దండోరా వేయమని అతనికి అమీన్ కాదు గదా, ఎవ్వరూ చెప్పలేదు.