బేస్తవారం పంచాయితీ

“మీరు బయట కుర్చీ ఏసుకొని కూసుంటే, లోపల సంసారాలు ఎట్ల చక్కబడతయి మేడం?” అని అడిగాడు నరసరాజు.

సుల్తాన్‌పూర్‌లో సిరంజీలు తయారుచేసే ఆ కంపెనీకి ఆయన హెచ్ఆర్ మేనేజర్. ఎదురుగా ఉన్నది కృష్ణప్రియ, కార్మికుల కష్టసుఖాలు వినడానికి ప్రతి బేస్తవారం వచ్చే కౌన్సెలర్.

“కొందరికి మూడో మనిషి పక్కనుంటే నోరు పెగలదు సార్,” అందామె.

“ఆలుమగల కలహం అద్దం మీద పెసరగింజ నిలిచినంత సేపు అంటరు. బాలరాజ్, ప్రియాంకల గింజ నాలుగు నెలల సంది జారుతలేదు. వారం వారం ఆ పిల్ల డ్యూటీల గంట పోతున్నది. మా దిక్కు గిసొంటి పంచాయితీ అయితే ఇద్దరు పెద్దమనుషులు కూసొని ఒక్క పొద్దుల తెంపేస్తరు. ఇయ్యాల నేను గూడ కూసుంట. ఫాయిదా కనబడలేదంటే ఈ గంట బందు.”

కృష్ణప్రియ ముఖం వాడిపోయింది. “వాళ్ల సంసారం ఈ గంట మీదనే నిలబడ్డది సార్. బందు చేస్తే నేను జిమ్మేదారి కాదు.”

నరసరాజు చెడ్డవాడేమీ కాదు. కౌన్సెలింగ్ అంటే పిచ్చికి చేసే వైద్యమని ఆయన నమ్మకం, అంతే. నిజానికి ఆ జంటంటే ఆయనకు అభిమానం. బాలరాజ్ తల్లి ముత్యమ్మ పక్షవాతంతో మంచాన పడినప్పుడు, ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండాలని వాళ్లు అడిగితే, అతనికి రాత్రి, ఆమెకు పగలు డ్యూటీ వేసింది ఆయనే. పొద్దున గేటు దగ్గర కంపెనీ బస్సు దిగేది పెళ్లాం, అదే బస్సెక్కి ఇస్నాపూర్ పోయేది మొగుడు. ఇంటి తాళంచెవి బస్సు మెట్ల దగ్గరే చేతులు మారుతుంది. ఆ కాసేపు, బేస్తవారమైతే ఇంకో గంట, ముసలమ్మను పక్క గదిలో ఉండే గౌసియా బేగం కనిపెట్టుకొని ఉంటుంది. ఇంత చక్కగా కుదిర్చి పెట్టినా ఈ లొల్లి ఏమిటో ఆయనకు అంతుపట్టలేదు.

“అసలు వీళ్లకు కొట్లాడెతందుకు టైమెక్కడిది?” అన్నాడు.

“అదే సార్ కష్టం,” అంది కృష్ణప్రియ, తలుపు వైపు చూస్తూ.

ఇద్దరూ వచ్చారు. బాలరాజ్ కళ్లు నిద్రలేక ఎర్రబడి ఉన్నాయి. ప్రియాంక చేతిలో టిఫిన్ డబ్బా. మేనేజర్‌ను చూడగానే గుమ్మంలోనే ఆగిపోయారు.

“సార్‌ను చూసి భయపడకండి,” అంది కృష్ణప్రియ. “ఈ గంట ఉంచాల్నా వద్దా అని చూడనీకె వచ్చిండు. ఎప్పటి లెక్కనే కొట్లాడండి.”

నరసరాజు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, పెద్దమనిషిలా సర్దుకొని కూర్చున్నాడు. “చెప్పండి. ఏంది మీ పంచాయితీ?”

ముందు ప్రియాంకే అందుకుంది. “ఈయనకు నాకన్న ఫోనే ఎక్కువ సార్. నేనేం చెప్పినా ఊకొట్టుకుంట ఫోన్ల తల పెడతడు.”

“నువ్వేం తక్కువనా? కూరల ఉప్పెక్కువైందంటే మూడు దినాలు మూతి ముడుసుకున్నవ్.”

“మీ అమ్మకు సరిపోయిన ఉప్పు నీకెట్ల ఎక్కువైతది?”

“నడుమ మా అమ్మను తేకు.” బాలరాజ్ మాటల కోసం గోడల మీద వెతికాడు. తర్వాత ఒక్కసారిగా గొంతు పెంచాడు. “అదొక్కటే అయితే సర్దుకుంటుంటి సార్. రాత్రంత గురక. పైన రేకులు లేసిపోతయేమో అన్నట్టుంటది. పక్కన పండుకున్నోనికి కన్ను మూతపడితే ఒట్టు.”

ప్రియాంక చటుక్కున అతని వైపు తిరిగింది. కృష్ణప్రియకు దగ్గుతెర ముంచుకొచ్చింది.

“నా గురక గంత బరువైందా?” అంది ప్రియాంక. “అట్లయితే నన్ను తల్లిగారింటికి తోలెయ్యి. ఇయ్యాలనే జోగిపేట బస్సెక్కుత.” చున్నీ ముఖానికి అడ్డం పెట్టుకొని గోడ వైపు తిరిగింది. భుజాలు కదిలిపోతున్నాయి.

పంచాయితీ తెంపుదామని వచ్చిన నరసరాజు, కళ్లముందే కాపురం తెగిపోతుంటే చూడలేకపోయాడు. “ఏడ్వకు బిడ్డా,” అంటూ లేచాడు. “ఏమయ్యా బాలరాజ్, గురకకు ఎవడన్న పెండ్లాన్ని వదులుకుంటడా? మేడం, మీరు నడిపియ్యండి. ఎన్ని నెలలన్న పట్టనీ. పోతే గంట పోతది, సంసారం నిలబడాలె.”

“మీ దయ సార్,” అన్నాడు బాలరాజ్, తల వంచుకొని.

బయటికి వచ్చాక కూడా నరసరాజు గుండె కుదుటపడలేదు. పొద్దున కొత్తిమీర తేలేదని భార్య సులోచన ఏదో అంటే, జవాబివ్వకుండా స్కూటర్ ఎక్కి వచ్చేశాడు. ఇప్పుడామె గొంతు వినాలనిపించింది. తిన్నావా అని అడిగితే, ఒంట్లో బాగుందా అని తననే ఎదురడుగుతుంది. అడగనీ అనుకుంటూ ఫోన్ తీశాడు. అక్షరాలు అలికినట్టు కనబడ్డాయి. కళ్లద్దాలు లోపలే మరిచిపోయాడు.

వెనక్కి నడుస్తుంటే బాలరాజ్ మాటల్లో ఏదో ఒకటి చెవిలో జోరీగలా తిరుగుతోంది. అదేమిటో తెలియడం లేదు.

తలుపు దగ్గరికి వచ్చేసరికి లోపల డబ్బా మూత తీసిన చప్పుడు, ఆ వెంటనే చాలాసేపు ఆపుకున్న నవ్వు, ఒకటి కాదు, రెండు గొంతులవి. నరసరాజు అక్కడే నిలబడిపోయాడు. తలుపు సగం తెరుచుకుంది. కృష్ణప్రియ చేతిలో కుర్చీతో, ఇటు వీపు పెట్టి బయటికి వస్తూ, లోపలికి చెబుతోంది.

“మళ్ల సార్ వస్తే గురక మాట తీయకు బాలరాజ్, నీది నైట్ డ్యూటీ.”