తంగేడు బాయి

జంగమ్మ కర్రెత్తి చూపిన ప్రతి బండకూ ఒక పేరుంది.

"గది గొర్ల బండ. గా సందు తోడేలు సందు. ఎన్కట తోడేళ్లు గట్లకెళ్లే దిగేటియట."

జబీన్ ఫోనులో చోటు గుర్తు పెట్టి, పుస్తకంలో పేరు రాసుకుంటూ వెనకే నడుస్తోంది. కోట్‌పల్లి మండలంలో ఊరూరా తిరిగి గుట్టల పేర్లు, వాగుల పేర్లు, బావుల పేర్లు పటంలోకి ఎక్కించడం ఆమె పని. పొద్దున్నే తాండూరులో బస్సెక్కి వచ్చింది. ఈ ఊళ్లో ఆ పేర్లన్నీ తెలిసింది మేకలు కాసిన జంగమ్మ ఒక్కదానికేనన్నారు.

కంది చేలు దాటగానే ఒక రాతి బావి వచ్చింది.

జంగమ్మ ఆగలేదు. అటు చూడను కూడా లేదు.

"అవ్వా, దీని పేరు?"

"తంగేడు బాయి."

జబీన్ కలం ఆగింది. పొద్దున బస్సు దిగినచోట హోటలామె మరో పేరు చెప్పింది. అశ్విని బాయి కాడికి మాత్రం ఒక్కదానివే పోకు మేడం, అంది.

"అశ్విని బాయి అంటున్నరు గద అవ్వా?"

జంగమ్మ కర్ర మీద బరువు మోపి నిలబడింది.

"గా పేరు నా బిడ్డది."

పదమూడేళ్ల పిల్ల. మేకలకు నీళ్లు చేదబోయి జారింది. అది జరిగి పన్నెండేళ్లయింది.

"బువ్వ తినని పోరగాండ్లను గా పేరు చెప్పి బెదిరిస్తరు. పక్కింట్ల అంటుంటే గోడకు ఇవతల నేను ఇంటుంట. పటంల గూడ గదే రాస్తవా?"

జబీన్ రాసింది. తంగేడు బాయి.

సాయంత్రం పంచాయతీ ముందు ఊరందరికీ పేర్లు చదివి వినిపించింది. ఆ బావి దగ్గరికి వచ్చేసరికి గుసగుసలు మొదలయ్యాయి. జంగమ్మ ఒక మూల తల వంచుకుని కూర్చుంది.

"తంగేడు బాయే," అన్నాడు ముసలి మల్లప్ప, అందరి కంటే గట్టిగా. "మా నాయిన గట్లనే అనేటోడు. ఇగ అందరు గదే అనున్రి."

జబీన్ తర్వాతి పేరు చదివింది.

రెండు నెలలకు అచ్చయిన పటం తీసుకుని జబీన్ మళ్లీ వచ్చింది. దాన్ని పంచాయతీ గోడకు అంటించి బయటికొస్తే మెట్ల దగ్గర జంగమ్మ ఉంది. మనిషి సగమైంది.

"ఏమైంది అవ్వా? మల్ల అంటున్నరా?"

"లే బిడ్డా. ఎవ్వలు అంటలేరు."

జంగమ్మ తలుపులోంచి గోడ మీది పటం వైపు చూసింది.

"పోరగాండ్లు గూడ అంటలేరు. రెండు నెల్లాయె, దాని పేరు నా చెవున పడక."

జంగమ్మ జబీన్ చెయ్యి పట్టుకుని కంది చేల గట్టు వెంట నడిపించుకుపోయింది. మిట్టమధ్యాహ్నం. బావి ఒడ్డున నిలబెట్టింది. లోపల పచ్చటి నీళ్లు కదలడం లేదు.

"నా నోటికొస్తలేదు. నువ్వొక్కపారి పిలువు."

జబీన్ బావిలోకి వంగింది.

"అశ్వినీ..."

రాళ్లకు తగిలి పేరు తిరిగొచ్చింది. జంగమ్మ తల పక్కకు వంచి ఆలకించింది.

"జర గట్టిగ పిలువు బిడ్డా," అంది. "మేకల ఎన్క ఉంటే దానికి ఇనబడదు."