బుర్రతో నడిచే మిషను

“బుర్రతో నడిచే మిషనా? అయితే మా ఆవిడ దగ్గర దీనికి పనేముందమ్మా!” భర్త పడీపడీ నవ్వాడు.

పక్షవాతంతో భార్యకు మాట పడిపోయింది, కుడి పిడికిలి బిగుసుకుపోయింది. ఇప్పుడు తలకు తీగల టోపీ, చేతికి రోబో తొడుగు, పిడికిలిలో ఓ రబ్బరు బంతి ఉన్నాయి.

“వదలాలని పిన్నిగారు గట్టిగా అనుకుంటేనే ఇది వేళ్లు తెరుస్తుంది,” అంది థెరపిస్టు. “ఇవాళ కూడా తెరవకపోతే మిషను ఇంకో పేషెంటుకు ఇచ్చేస్తారు.”

పిడికిలిలోని బంతి కదల్లేదు.

“చెప్పానా? పెళ్లినాటి నుంచీ అనుకోవడమంతా నా వంతే. తలూపడం ఈవిడ వంతు.”

థెరపిస్టు ఆమె వేళ్లు ఒక్కొక్కటే విడదీసి బంతి తీసేసింది. “బంతి బదులు మీ చెయ్యి పెట్టండి బాబాయిగారూ.”

“పెట్టాను. ఈ మట్టిబుర్రకు తెలిసి ఏడిస్తేగా...”

తొడుగు గిర్రుమంది. వేళ్లు విచ్చుకున్నాయి. అతని చెయ్యి జారిపోయింది.

“వదిలేశారు!” థెరపిస్టు చప్పట్లు కొట్టింది. “ఎంత గట్టిగా అనుకున్నారు పిన్నిగారూ! మళ్లీ చేద్దాం.”

అతను భార్య ముఖంలోకి చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. ఈసారి అతను ఏమీ అనకుండా చెయ్యి పెట్టాడు.

వేళ్లు ముడుచుకున్నాయి. తొడుగు ఎంతసేపటికీ కదల్లేదు.

“వదలండి పిన్నిగారూ. ఇందాకటిలాగే అనుకోండి.”

ఆమె అనుకోలేదు.